ఉత్త నీళ్ళ సున్నా

ఆ ల్యాబులో ఉత్త నీళ్ళ కొలత ఎప్పుడూ సున్నాయే. చేసినా సున్నాయే, చెయ్యకపోయినా సున్నాయే. అసలు చేసినవాడంటూ ఉంటేగా ఇంకో అంకె పుట్టడానికి! సీనియర్లు సున్నా రాశారు, వాళ్ళ పైవాళ్ళు సున్నా రాశారు, వీళ్ళూ రాస్తున్నారు. ముందు ఎద్దు ఎటుపోతే బండి అటే.

మూడో ఏడు కెమిస్ట్రీ వాళ్ళకి నీళ్ళలో సున్నం ఎంతుందో కొలిచే ప్రాక్టికల్ ఉంటుంది. ఊరి బోరు నీళ్ళు కాసిని తీసుకుని డిస్టిల్డ్ వాటరుతో పల్చన చేస్తారు. అందులో కాస్త అమోనియా పోసి ఇండికేటరు చిటికెడు వేస్తే, సున్నం ఉన్న నీళ్ళు ఎర్రబడతాయి. పైనుంచి బ్యూరెట్టులో మందు చుక్కచుక్కగా వదులుతూ పోతే ఎరుపు విరిగి నీలం తిరుగుతుంది. ఎంత మందు పట్టిందో చూసుకుంటే ఎంత సున్నం ఉందో తెలుస్తుంది. అయితే దానికి ముందు ఇంకో పనుంది. పల్చన చెయ్యడానికి వాడిన డిస్టిల్డ్ వాటర్ని విడిగా ఫ్లాస్కులో పోసి, దానిక్కూడా ఇదే పరీక్ష పెట్టాలి. దాన్ని బ్లాంక్ అంటారు. అసలైన డిస్టిల్డ్ వాటరైతే ఇండికేటరు పడగానే నీలంగా ఉంటుంది, ఒక్క చుక్క మందు కూడా పట్టదు. అప్పుడు సున్నా అని రాసుకుని ముందుకు పోవాలి.

రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలకే అక్కడ కరువొచ్చింది. క్లాసంతటికీ నాలుగు బ్యూరెట్లు, అందులో ఒకటి కారుతుంది. నమలు, కక్కు, పాసవ్వు, మరిచిపో - ఇదీ మా పిల్లల నాలుగు వేదాలు. బ్లాంక్ దగ్గర సున్నా గీసేసి, సీనియర్లిచ్చిన అంకెల్లో చివరిది కాస్త అటూ ఇటూ మార్చి రాసేసి, అలసందలు కలిపి వండిన వాచే అన్నం అమ్మే ఆవిడ గిన్నె ఖాళీ కాకముందే బయటపడాలి.

అవింపోక మాత్రం బ్లాంక్ చేసింది. అదీ ఆ పిల్ల చేసిన నేరం.

ఫ్లాస్కులో నీళ్ళు ఎర్రబడ్డాయి. ఫ్లాస్కు సరిగ్గా కడగలేదేమోనని మళ్ళీ కడిగి చేసింది, మళ్ళీ ఎరుపే. బెర్నీస్ దగ్గర ఇంకో ఫ్లాస్కు అడిగి తెచ్చి చేసినా ఎరుపే. నీలం తిరగడానికి నాలుగు మిల్లీలీటర్ల మందు పట్టింది. పట్టింది పట్టినట్టు రాసింది. బ్లాంక్: నాలుగు. పక్కనే నిలబడి చూస్తున్న బెర్నీస్, "ఒసేయ్, పిచ్చెక్కిందా నీకు? సున్నా గీస్తే అరిగిపోతావా?" అంది. కనబడని సున్నా ఎలా రాస్తానే అని ఇది. కనబడిందంతా రాస్తూ పోతే ముసలిదానివయ్యేదాకా ఇక్కడే ఉంటావే అని అది. బెర్నీస్ ఒకే గదిలో ఉంటున్న స్నేహితురాలు, మంచిదే. మంచివాళ్ళ సలహాలే ఒక్కోసారి మనిషిని ముంచుతాయి.

ఇక్కడ డాక్టర్ తెంగన్ సంగతి చెప్పాలి. ప్రాక్టికల్స్ ఆయన చేతిలో ఉంటాయి. ఆయన డగాబా మనిషి, అవింపోక ఫ్రాఫ్రా పిల్ల. ఈ రెండు జాతులకీ ఉన్నది పరాచికాల చుట్టరికం. ఒకళ్ళనొకళ్ళు బానిస అనుకోవచ్చు, దొంగ అనుకోవచ్చు, చావింటికి వెళ్ళి శవాన్ని కూడా ఎగతాళి చెయ్యొచ్చు. కుక్క తలకాయ కూర ఎవరి సొత్తన్న తగవు తాతల నాటినుంచీ సాగుతూనే ఉంది. వయసు లేదు, హోదా లేదు, ఎవరైనా ఎవరినైనా అనొచ్చు. ఒక్కటే కట్టుబాటు: కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నవాడు ఓడినట్టు. ఓడినవాడు గినీకోడిని తెచ్చి అవతలివాడి ముందు పెట్టాలి.

మొదటి ఏడాది అవింపోక పేరు పిలిచిన రోజే డాక్టర్ తెంగన్ తల ఎత్తి, "ఏమే నా బానిసా, పారిపోయి ఇక్కడ దాక్కున్నావా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. పిల్ల తడుముకోలేదు. "మా తాత మిమ్మల్ని వెతకమనే పంపాడు సార్, మీ గొలుసు మా ఇంట్లోనే ఉంది" అంది. ఆయన బల్ల చరిచి మరీ నవ్వాడు. అప్పటినుంచీ ఇద్దరికీ అదే వరస. ఇంటికి దూరంగా, తెలిసిన మొహం ఒక్కటీ లేని చోట, ఆ తిట్లే ఆ పిల్లకి ఊరట. నిజం చెప్పాలంటే ఆయనంటే దానికి ఇష్టం కూడా.

ప్రాక్టికల్ కాగితాలు తిరిగిచ్చిన రోజు ఆయన అవింపోక కాగితాన్ని చివరికి ఉంచాడు. రెండు వేళ్ళతో, మురికి గుడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని పైకెత్తాడు.

"చూశారా, మా బానిస ఊళ్ళో నీళ్ళు ముందు పళ్ళకి తుప్పు పట్టించాయి. ఇప్పుడు మన డిస్టిల్డ్ వాటర్ మీద పడ్డాయి. ఫ్లాస్కులో ఊశావా ఏమే?"

క్లాసు పగలబడి నవ్వింది. అవింపోక పళ్ళకి గోధుమరంగు చారలున్న మాట నిజమే. తన సొంతూరున్న బొంగో వైపు పల్లెల్లో అలా చాలామందికి ఉంటాయి, బోరు నీళ్ళలో ఫ్లోరైడు అలాంటిది. ఆట ఆటే కదా. ఇది కూడా పెదాలు బిగించుకుని, మీ డగాబా కుక్కేదో డిస్టిల్డ్ వాటర్ డ్రమ్ములో మూతి పెట్టుంటుంది సార్ అంది. ఇంకా నవ్వారు. నవ్వుల మధ్య నడిచి వెళ్ళి కాగితం అందుకుని చూస్తే, ఎర్ర సిరాతో అడ్డంగా రాసుంది. కల్పితం. సున్నా మార్కులు.

ఆ ప్రాక్టికల్ పోతే కోర్సు పోయినట్టే. కోర్సు పోతే మళ్ళీ వచ్చే ఏడాది ఇదే కాలానికి ఇక్కడే పడుండాలి. ఇంటి దగ్గర తమ్ముడు, అక్క చదువు పూర్తయితే తన వంతు వస్తుందని ఏడాదిగా బడి మానేసి ఎదురు చూస్తున్నాడు. వాళ్ళమ్మ జొన్నలు మొలకెత్తించి పితో కల్లు కాచి అమ్ముతుంది. ఆ పొయ్యి మీద ఇద్దరి చదువులు ఒకేసారి ఉడకవు. ఇవన్నీ అవింపోకకి ఆ నిమిషంలో గుర్తొచ్చాయనుకునేరు. లేదు. దానికి కనబడింది ఒక్క మాటే, కల్పితం. క్లాసులో ఉన్న అందరిలోకీ కల్పించనిది తనొక్కతే! కల్పించినవాళ్ళందరికీ మార్కులూ, చేసి చూసినదానికి దొంగ పేరూనా? అరికాలి మంట నెత్తికెక్కింది.

మధ్యాన్నం ఆయన గదికెళ్ళింది. ఆయన కూసే అనే అలసంద వడలు తింటూ ఇంకో ఇద్దరు లెక్చరర్లతో కబుర్లాడుతున్నాడు. సార్, నేను కల్పించలేదు, మీ కళ్ళముందే చేసి చూపిస్తాను రండి అని ఇది మర్యాదగానే చెప్పింది. ఆయన వడ ముక్క చూపించి, కుక్క మాంసం కాదులే బానిసా, నీకు నచ్చదు అన్నాడు. ఆ ఇద్దరూ నవ్వారు. ఇది మళ్ళీ చెప్పింది. ఆయన మళ్ళీ ఇంకో పరాచికం. ఎటు తిరిగినా పరాచికమే. గోడకి తల కొట్టుకున్నా నెప్పి తెలుస్తుంది గానీ, దూదిమూటకి ఎక్కడని కొట్టుకుంటాం? మూడోసారి అది గొంతు పెంచింది. ఆయన వేలెత్తాడు.

"కోపమొచ్చిందా? అయితే కోడి ఏదీ?"

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే. కోపం తెచ్చుకోకూడదన్న కట్టుబాటు సమానమైన వాళ్ళ మధ్య పుట్టింది. ఒకడి చేతిలో మార్కుల కలం పెట్టి, రెండోవాడిని నవ్వుతూ నిలబడమంటే అది ఆటెలా అవుతుంది? ఈ ముక్క ఆ రోజు ఎవరూ అడగలేదు. అవింపోక కూడా అడగలేక వెనుదిరిగింది.

బయటికెళుతుంటే ఆయన లేచి గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి, ఈసారి పరాచికం లేకుండా చెప్పాడు. శుక్రవారం లోపు కాగితం మళ్ళీ రాసి ఇవ్వాలి. బ్లాంక్ దగ్గర సున్నా ఉండాలి. అలా అయితే ఈ సంగతి తను మరిచిపోతాడు. లేకపోతే కల్పితం అన్న మాట డిపార్టుమెంటు పెద్దల దాకా పోతుంది.

అవింపోక తిన్నగా ల్యాబుకి పోయింది. ల్యాబు చూసుకునే ఇసాహాకు కిటికీ దగ్గర కూచుని రేడియో వింటున్నాడు. డిస్టిల్డ్ వాటరు యంత్రం చివరిసారి ఎప్పుడు నడిచిందని అడిగింది. వచ్చే వారం బాగవుతుంది అన్నాడతను. ఎప్పుడు నడిచిందని గదా బాబాయ్ నేనడుగుతున్నది అంటే, వచ్చే వారం బాగవుతుంది అని మళ్ళీ అదే మాట. మూల గుడ్డ కప్పి ఉన్న యంత్రం దగ్గరికెళ్ళి ఇది గుడ్డ లాగేసింది. లోపల్నుంచి బల్లి ఒకటి బయటికి పరిగెత్తింది. నీళ్ళు కాచే తీగచుట్ట మీద సున్నం గార వేలు మందాన పేరుకుపోయి, తీగ మాడి తెగి ఉంది. వాళ్ళమ్మ పితో కాచే కుండ అడుగు అలాగే ఉంటుంది, ఎన్నేళ్ళు గీకినా పోదు.

"డ్రమ్ములో నీళ్ళు ఎక్కడివి?"

ఇసాహాకు రేడియో ఆపాడు. "డ్రమ్ము ఖాళీగా ఉండకూడదన్నారమ్మా. నింపుతున్నాను. ఎక్కడినుంచి నింపాలో ఎవరూ చెప్పలేదు."

కిటికీలోంచి చూస్తే ఎదురుగా బోరు పంపు. డ్రమ్ము మీద అందమైన అక్షరాలతో డిస్టిల్డ్ అని రాసుంది. ఊరి నీళ్ళని ఊరి నీళ్ళతోనే పల్చన చేసి, ఆ నీళ్ళలో సున్నం కొలుస్తున్నారు, సున్నా రాస్తున్నారు, మార్కులు వేస్తున్నారు. పైగా చదువంటున్నారు దాన్ని! అవింపోకకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ చెయ్యలేదు. గుడ్డ మళ్ళీ కప్పి వచ్చేసింది.

రాత్రి బెర్నీస్ జొన్నపిండితో చేసిన టీజెడ్ ముద్ద, బెండకాయ పులుసు ముందు పెట్టి బతిమాలింది. సున్నా రాసెయ్యవే, ఒక్క గీతే కదా, నీ ఒక్కదాని నిజం కోసం ఈ ఊరి బోరు తియ్యనవుతుందా అంది. బోరు అనగానే అవింపోకకి వాళ్ళ ఊరి బోరు గుర్తొచ్చింది.

అవింపోక పుట్టకముందు వేసిన బోరు అది. పంపు పక్కన ఆకుపచ్చ రేకు మీద తాగడానికి మంచి నీరు అని రాసి పెట్టారు. ఊరంతా తాగారు. పాల పళ్ళు ఊడి అసలు పళ్ళు వచ్చే వేళకి పిల్లలందరి పళ్ళూ చారలు తేలాయి. అవింపోక నాలుగో తరగతిలో ఉండగా సీసాలు పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. నీళ్ళు పట్టింది, అక్కడే పెట్టె తెరిచి ఏదో కలిపింది, పంపు మూసేయించింది. ఊరి పెద్దలు నిలదీశారు. ఇన్నేళ్ళూ ఇది మంచి నీరని చెప్పిందెవరు, కొలవకుండానే చెప్పారా అని. ఆ అమ్మాయి పాత కాగితం తెరిచి చూపించింది. ఫ్లోరైడు: సున్నా. ఎవడు రాశాడో, ఏ వాచే గిన్నె ఖాళీ అయిపోతుందని రాశాడో! ఆ రోజు సీసా పట్టుకుని నిలబడే పని అవింపోకకి ఇచ్చిందా అమ్మాయి. కెమిస్ట్రీ అన్న మాట కూడా తెలియని వయసులోనే ఈ చదువు దానికి అంటుకుంది.

శుక్రవారం ప్రాక్టికల్ క్లాసు. అందరూ వచ్చాక, డాక్టర్ తెంగన్ కూడా వచ్చి కూచున్నాక, బయటినుంచి గినీకోడి కేకలు వినబడ్డాయి. గినీకోడి నోటికి మూత ఉండదు. ఊళ్ళో దొంగ పడినా, పడకపోయినా ఒకటే అరుపు. అవింపోక దాని కాళ్ళు కట్టి తలకిందులుగా పట్టుకుని లోపలికి వచ్చి, తిన్నగా ఆయన బల్ల మీద పెట్టింది. అది రెక్కలు కొట్టుకుని ఆయన కాగితాలన్నీ చెదరగొట్టింది.

"ఇదేంటే?"

"జరిమానా సార్. ముందుగానే కడుతున్నాను. ఇప్పుడు నాకు కోపం రాబోతోంది."

కొందరు నవ్వారు. ఆయనా నవ్వబోయాడు, నవ్వు సగంలో ఉండగానే ఇది బెర్నీస్ వైపు తిరిగింది. డ్రమ్ములోంచి ఫ్లాస్కులో నీళ్ళు నువ్వే పట్టు, నేను ముట్టుకుంటే ఊశానంటారు అంది. బెర్నీస్ ముందు కదల్లేదు. ఆయన వంక చూసింది, దీని వంక చూసింది. చివరికి లేచి, నన్నెందుకే ఇందులోకి లాగుతావు అని గొణుక్కుంటూనే పట్టి తెచ్చింది. అవింపోక అమోనియా మందు పోసింది. ఆ ఘాటుకి ముందు వరసలో వాళ్ళు ముక్కు మూసుకున్నారు. ఇండికేటరు చిటికెడు వేసి, ఫ్లాస్కు తిప్పి, ఆయన ముందు పెట్టింది.

నీళ్ళు గోంగూర పూలతో కాచిన సోబోలో పానకంలా ఎర్రగా ఉన్నాయి.

"డ్రమ్ము మీద డిస్టిల్డ్ అని ఉంది సార్. అవి బోరు నీళ్ళు. యంత్రం చచ్చి ఎన్నాళ్ళయిందో దాని కడుపులో కాపరం పెట్టిన బల్లికి తెలుసు. ఈ ల్యాబులో చేసి రాసింది నేనొక్కదాన్నే. మీరు నన్ను దొంగన్నారు. నోటితో అన్నవన్నీ పరాచికాలే, అవి నేనూ అన్నాను. సిరాతో రాసింది పరాచికం కాదు సార్. మన తాతల ఆటలో సిరా లేదు."

కోడి అరుస్తోంది. ఆయన కూచోవే, తర్వాత మాట్లాడదాం అన్నాడు. ఇది కూచోలేదు.

"నా పళ్ళ మీద నవ్వారు కదా. మా ఊరి బోరు నీళ్ళకి కూడా ఎవడో ఇలాగే కొలవకుండా సున్నా రాశాడు. ఆ సున్నా ఇదిగో, నా నోట్లో ఉంది. చూడండి."

పెదాలు పైకి లాగి పళ్ళు చూపించింది. అంతకుముందు దాని నవ్వులో ఎన్నోసార్లు చూసిన పళ్ళే. క్లాసులో ఒక్కడు కూడా నవ్వలేదు. ముందు వరసలో ఒకడు తన కాగితం మీద సున్నాని అరచేత్తో కప్పుకున్నాడు.

డాక్టర్ తెంగన్ ఫ్లాస్కు చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ వెలుతురులో పెట్టి చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు. పక్కవాళ్ళకి వినబడనంత మెల్లిగా అన్నాడు.

"నాకు తెలుసు."

ఇంక దాని మొహం చూడాలి. అప్పటిదాకా ఉన్నది కోపమే కాదు, ఇప్పుడొచ్చింది కోపం. తెలియక అన్నాడనుకుంది. పెద్దమనిషి, పని ఒత్తిడిలో చూసుకోలేదనుకుంది. చూపిస్తే అయ్యో అంటాడనుకుని, ఆ అయ్యో కోసమే కోడిని మోసుకొచ్చింది.

"తెలిసే దొంగన్నారా సార్?"

ఆయన చెప్పుకున్నాడు. తీగచుట్ట కావాలని పైకి రాసి రాసి చేతులు అరిగిపోయాయి. డిస్టిల్డ్ వాటర్ లేదని కాగితం మీద పెడితే ల్యాబు మూసేయమంటారు, ల్యాబు మూస్తే ఈ చిన్న యూనివర్సిటీలో కెమిస్ట్రీ మూసేస్తారు, మీరంతా ఎక్కడికి పోతారు అన్నాడు. ఒక్కరు సున్నా కాదని రాస్తే మిగతా అందరి సున్నాలూ అబద్ధాలవుతాయి కదా అన్నాడు. అబద్ధం కాదు ఆయన చెప్పింది. ఆయన చొక్కా మోచేతుల దగ్గర అరిగిన సంగతి అందరికీ తెలుసు, ఇండికేటరు సొంత డబ్బులతో కొన్న రోజులూ ఉన్నాయి. అయితే ఏం? తన తల కాపాడుకోవడానికి ఎదుటివాడి పీక నొక్కినవాడు కూడా ఇలాగే కష్టాలు చెప్పుకుంటాడు.

"మీ కోపం పైవాళ్ళ మీద సార్. నా కాగితం మీద ఎందుకు రాశారు?"

ఈసారి ఆయన పరాచికం వెతుక్కోలేదు. లేచి గినీకోడి కాళ్ళ తాడు పట్టుకున్నాడు. మా వైపు అందరికీ దాని అర్థం తెలుసు. జరిమానా పుచ్చుకున్నాడంటే కోపాన్ని ఒప్పుకున్నట్టు, విన్న మాటని వినలేదనడానికి ఇంక వీల్లేదు. కోడిని చంకలో పెట్టుకుని గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగి, అందరి కాగితాలూ రద్దు అన్నాడు. మంచి నీళ్ళు దొరికాక అందరూ మళ్ళీ చెయ్యాలి, అప్పటిదాకా ఎవరి మార్కులూ పైకి పోవు అన్నాడు.

మంచి నీళ్ళెక్కడ దొరుకుతాయి సార్ అని ఎవరో అరిచారు. వాన పడ్డాక అని చెప్పి వెళ్ళిపోయాడు.

క్లాసు క్లాసంతా అవింపోక మీద పడింది. ఇంకొద్ది రోజుల్లో అందరూ ఇళ్ళకి పోవాలి, విత్తనాలు వేసే కాలం. ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెదొక దారి అని ఒకడు మొహమ్మీదే అన్నాడు. ఈవిడ గారి నిజం కోసం మేం ఇక్కడ మాడాలా అని ఇంకొకత్తి. నీ పళ్ళు బాగుంటే ఇంత గొడవ ఉండేదా అని కూడా ఒకడు అన్నాడు. వాడు ఫ్రాఫ్రా కాదు, డగాబా కాదు, అనడానికి వాడికి ఏ చుట్టరికమూ లేదు. బెర్నీస్ కూడా గదిలో మాట్లాడ్డం మానేసింది. వండుకున్నది ఎవరిది వాళ్ళు తిన్నారు. అవింపోకకి ఏడుపొచ్చిన మాట నిజం. అయితే ఆ ఏడుపులో ఒక్కసారి కూడా, సున్నా గీసేసి ఉంటే పోయేది అన్న ఆలోచన రాలేదు.

ఆకాశం మాత్రం తన ఇష్టం. రోజూ మధ్యాన్నానికి మబ్బు పట్టడం, దుమ్ము లేపి పోవడం. పిల్లలు ఆకాశాన్నీ అవింపోకనీ కలిపి తిట్టేవారు. డాక్టర్ తెంగన్ ఆ కోడిని కోసుకు తినలేదు. ఎందుకో డిపార్టుమెంటు వెనకే వదిలేశాడు. ఆయన పాఠం చెబుతున్నంతసేపూ అది కిటికీ కింద అరుస్తూ తిరిగేది. ఆయన కిటికీ మూయించలేదు.

చివరికి ఒక పట్టపగలు, పాఠం మధ్యలో, రేకుల కప్పు మీద రాళ్ళు కురిసినట్టు వాన దిగింది. అందరికంటే ముందు లేచి పరిగెత్తింది బెర్నీస్. సత్తు బేసిన్లు, బకెట్లు పట్టుకుని అందరూ ఫుట్‌బాల్ మైదానంలోకి పరిగెత్తారు. అవింపోక గొంతు చించుకుని చెప్పింది. రేకుల కింద పట్టకండి, చెట్ల కింద పట్టకండి, మొదటి జల్లు దుమ్ముతో దిగుతుంది, అది పోనిచ్చి పట్టండి. తిట్టుకుంటూనే విన్నారు. ఇసాహాకు డ్రమ్ము దొర్లించుకొచ్చి, ఆ వానలోనే కడిగి, మొదట కడిగిన నీళ్ళు పారబోసి, మళ్ళీ కడిగాడు. బెర్నీస్ తడిసి ముద్దయి తన బేసిన్ తెచ్చి అవింపోక ముందు పెట్టింది. ఊశానేమో చూసుకో అంది. అన్నాళ్ళకి మొదటిసారి మాట్లాడింది.

వాన వెలిశాక ల్యాబులో అందరూ బల్ల చుట్టూ మూగారు. అవింపోక ఫ్లాస్కులో వాన నీళ్ళు పోసింది. అమోనియా మందు పోసింది. ఇండికేటరు వేసి తిప్పింది. పాపం వాళ్ళ వేసవి అంతా ఆ ఫ్లాస్కులోనే ఉంది మరి.

నీలం. బ్యూరెట్టు పిడి ముట్టుకోకుండానే, ఒక్క చుక్క పడకుండానే, ఫ్లాస్కు అడుగునుంచి మెడ దాకా నీలం.

వెనకనుంచి ఎవరో హమ్మయ్య అన్నారు. నాలుగు బ్యూరెట్ల దగ్గరా తోపులాట మొదలైంది. ఈసారి ముందు బ్లాంక్ నాది అంటే నాది అని. డాక్టర్ తెంగన్ బల్ల అవతల నిలబడి ఉన్నాడు. నా బానిసా అన్న మాట నోటిదాకా వచ్చి ఆగినట్టుంది, పెదాలు కదిలాయి.

"ఎంతమ్మా?"

అవింపోక తడి చేతులు గౌనుకి తుడుచుకుని, కలం తీసి, బ్లాంక్ అన్న చోట సున్నా రాసింది. మొదలుపెట్టిన చోటే కలుస్తూ, నిదానంగా, గుండ్రంగా రాసింది. ఆయన వంగి చూశాడు.

"ఇప్పటికైనా కోపం పోయిందా?"

"కోడి కట్టాను కదా సార్," అంది అవింపోక. "కోపం ఇంకొన్నాళ్ళు ఉంచుకుంటాను."